ప్రమాదం లేని రోజుల బోర్డు

మొన్న మా హోముకి రంగులు వేయించాం. ముందు హాల్లో తడి పుట్టీ వాసన ముక్కుకి పట్టేసి, ఆఫీసు గదిలో తలుపేసుకుని కూర్చున్నా వదల్లేదు. అంతలో పెయింటరు నిచ్చెన మీంచే కేకేశాడు. "మేడమ్, ఈ గోడకి నాలుగు కన్నాలున్నాయి. ఏటి, ఉంచీమంటారా, పూడ్చీమంటారా?" బయటికొచ్చి చూశాను. సరిగ్గా ఒక బల్ల వెడల్పున నాలుగు మూలలా నాలుగు స్క్రూల గుర్తులు. పద్నాలుగేళ్ళుగా వాటి ముందు నుంచే నడుస్తున్నాను గాని, ఎప్పుడూ పట్టించుకోలేదు. "పూడ్చెయ్యి" అన్నాను. అతను చాకుతో పుట్టీ తీసి ఒక్కొక్క కన్నంలో నొక్కుతుంటే, అక్కడ ఒకప్పుడు వేలాడిన బోర్డూ, దాన్ని తన చేత్తో బిగించి, తన చేత్తోనే విప్పిన మూర్తిగారూ గుర్తొచ్చారు. ఆయన్ని ఎరిగిన వాళ్ళు ఇప్పుడు ఈ హోములో నేనూ ఆయా పైడమ్మా తప్ప ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను.

మాది విశాఖపట్నం సీతమ్మధారలో ఒక ట్రస్టు నడిపే వృద్ధుల ఆశ్రమం. రెండంతస్తుల ఇల్లు, ఇరవై రెండు మంచాలు. డిగ్రీ అయి, పోటీ పరీక్షలు రాసి రాసి విసిగిపోయి, ఇక ఏదో ఒకటి చెయ్యకపోతే ఇంట్లో అమ్మ మొహం చూడలేనని అనిపించిన రోజుల్లో ఇక్కడ ఆఫీసు అసిస్టెంటుగా చేరాను. అప్పుడు మేనేజరు మూర్తిగారు. గోదావరి జిల్లా మనిషి. ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చి, ఒక ఉక్కు ఫ్యాక్టరీలో భద్రతా విభాగంలోనే జీవితమంతా గడిపి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, జేబులో పెన్నుతో పాటు చిన్న టార్చిలైటు కూడా పెట్టుకుని తిరిగేవారు. మాటకి ముందు "ఆయ్" అనేవారు, మాట చివర "అండి" అనేవారు, ఆ రెంటి మధ్యా మనిషిని ఉతికి ఆరేసేవారు. స్టాఫ్ ఆయనకి పెట్టుకున్న పేరు సైరను.

మొదటి రోజు నా సర్టిఫికెట్లు చూడలేదు. ఒక నోటుబుక్కు చేతికిచ్చి, "గేటు దగ్గర్నుంచి మేడ మీద దాకా నడిచి, ఎవరైనా ఎక్కడెక్కడ పడే అవకాశం ఉందో రాసుకురామ్మా" అన్నారు. పావుగంటలో వచ్చేశాను. నాలుగు చోట్లు రాశాను. ఆయన పుస్తకం చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"నీ వయసెంతమ్మాయ్?"

"ఇరవై నాలుగండి."

"ఇరవై నాలుగేళ్ళ కాళ్ళతో నడిచావు మరి. ఎనభై ఏళ్ళ కాళ్ళతో నడిచి రా."

చిన్నబుచ్చుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి అడుగులో అడుగేస్తూ, గోడ పట్టుకుంటూ నడిచాను. కాళ్ళు తుడుచుకునే పట్టా ఒక పక్క మడతపడి ఉంది. బాత్రూము గడప అంగుళం ఎత్తుంది. మెట్ల రెయిలింగు చివరి మెట్టుకి ముందే అయిపోతోంది. మధ్యాహ్నం ఎండ పడితే గచ్చు తడిగా ఉందో పొడిగా ఉందో తెలియట్లేదు. పంతొమ్మిది చోట్లు రాశాను. ఆయన వాటికి ఇంకో రెండు కలిపారు. మెచ్చుకోలేదు. కానీ వారం తిరిగేలోగా ఇరవై ఒకటీ బాగుచేయించారు. ఈ ఉద్యోగం నాకు నచ్చడం ఆ వారంతోనే మొదలైందనుకుంటాను.

ఫ్యాక్టరీ నుంచి ఆయన వెంట తెచ్చుకున్న అలవాట్లలో ముఖ్యమైనది ఆ బోర్డు. ముందు హాల్లో అందరికీ కనబడేలా బిగించారు. పచ్చరంగు మీద తెల్లక్షరాలు: "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు". కింద అంకె మార్చుకునే రేకులు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఆయనే వచ్చి అంకె మార్చేవారు. ఎవరైనా జారిపడినా, మందు తారుమారైనా, ఆఖరికి గాజు గ్లాసు పగిలినా సరే, అంకె సున్నా అయిపోయేది. పక్కన నల్లబల్ల మీద కారణమూ, కారకుడి పేరూ రాసేవారు. వందరోజులు దాటితే అందరికీ పాయసం. పెద్దవాళ్ళకి అదో క్రికెట్ స్కోరు. కాఫీ తాగి కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చి, అంకె చూసుకుని మురిసిపోయేవారు. ట్రస్టు కార్యదర్శిగారు ఎవర్ని వెంటబెట్టుకొచ్చినా ముందు ఆ బోర్డు దగ్గర నిలబెట్టి చూపించేవారు. ఒకసారి వంటావిడ చేతిలో ఊరగాయ జాడీ పగిలి నూట అరవై కాస్తా సున్నా అయింది. రాజుగారని ఒక పెద్దాయన ఆవిడతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మూర్తిగారు వంటింటికి వెళ్ళి, "ఏడిస్తే జాడీ అతుక్కుంటుందాండి? జాడీలు కింది అరలో పెట్టండి" అని మాత్రం అని వచ్చేశారు. నేను నవ్వుకున్నాను. నా వంతు రాలేదు కాబట్టి.

స్నానాల నీళ్ళ లెక్క నా పని. పెద్దవాళ్ళలో చాలామందికి షుగరు. కాళ్ళలో స్పర్శ ఉండదు, నీళ్ళెంత కాగినా తెలియదు. అందుకని చన్నీళ్ళు కలిపే పని లేకుండా, కుళాయి తిప్పితే నేరుగా గోరువెచ్చటి నీళ్ళే వచ్చేలా గీజరు వేడిని ఒకే అంకె దగ్గర బిగించి పెట్టించారు. రోజూ పొద్దున్న ఆరున్నరకి నేను బకెట్లో నీళ్ళు పట్టి, గాజు థర్మామీటరు ముంచి, అంకె చూసి, బాత్రూము తలుపు పక్కనున్న పలక మీద రాయాలి. రిజిస్టరులో కూడా రాసి సంతకం పెట్టాలి. సాయంత్రం మూర్తిగారు దాని కింద సంతకం పెడతారు. ఎప్పుడు చూసినా ముప్ఫై ఎనిమిది డిగ్రీలు, మహా అయితే ముప్ఫై తొమ్మిది. పలక మీద నా అంకె లేనిదే ఏ ఆయా కూడా కుళాయి తిప్పదు.

ఒక శుక్రవారం ఆ థర్మామీటరు నా చేతిలోంచి జారి బాత్రూము గచ్చు మీద పడి ముక్కలైంది. చూసినవాళ్ళెవరూ లేరు. బోర్డు మీద అంకె రెండొందల తొంభై ఒకటి. మూడొందలకి ట్రస్టువాళ్ళంతా వస్తున్నారు, పాయసంతో పాటు బూరెలు కూడా వండిస్తామన్నారు. పెద్దవాళ్ళు నెలరోజులుగా ఆ ముచ్చటే చెప్పుకుంటున్నారు. నల్లబల్ల మీద నా పేరు కళ్ళకి కట్టింది. రాజుగారి మొహం కూడా. ముక్కలు ఏరి, కాగితంలో చుట్టి, సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళి ఇంటి దగ్గర చెత్తకుండీలో పడేశాను. కొత్తది కొనితెచ్చి గుట్టుగా పెట్టేద్దామనుకున్నాను. రెండు మందుల షాపుల్లో అడిగితే జ్వరం చూసేవి చూపించారు, నీళ్ళకి పనికొచ్చేది లేదన్నారు. ఈలోగా పలక మీద ముప్ఫై ఎనిమిది రాస్తూ వచ్చాను. రోజూ ఉండేది అదే కదా అని సమాధానం చెప్పుకున్నాను. మొదటిరోజు రాసి రెండుసార్లు తుడిచాను. మూడో రోజుకి ఆలోచించకుండానే రాసేశాను.

బుధవారం సాయంత్రం, గీజరు సరిగ్గా వేడెక్కట్లేదంటే ఎలక్ట్రీషియన్ వచ్చి లోపల ఏదో మార్చి వెళ్ళాడు. గురువారం పొద్దున్న నేను బకెట్ పట్టనే లేదు. పలక మీద ముప్ఫై ఎనిమిది రాసేశాను.

గురువారాలు గోళ్ళు తీసే రోజు. ముందు కాళ్ళు కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక గోళ్ళు తీస్తారు. ఆ పని పైడమ్మది. యారాడ నుంచి కొండ దాటి బస్సులో వచ్చే ఆయా. వాళ్ళది చేపల వేటకెళ్ళే కుటుంబం. పెళ్ళయిన దగ్గర్నుంచీ తాళ్ళు లాగి, ఐసు మోసి, ఉప్పుచేపలు ఆరబెట్టి అరిచేతులు చెక్కల్లా అయిపోయాయి. అయినా ముసలివాళ్ళని మంచం మీంచి లేపితే పసిపిల్లని లేపినట్టు ఉండేది. ఆ రోజు సుభద్రమ్మగారి వంతు. ఆవిడ హెడ్మిస్ట్రెస్ గా చేసి రిటైరైన మనిషి, షుగరుతో కాళ్ళు మొద్దుబారి చాలాకాలమైంది. పైడమ్మ పలక చూసింది, నీళ్ళలో చెయ్యి పెట్టి కూడా చూసింది. ఆవిడ కాళ్ళు టబ్బులో పెట్టించి, జడ అల్లడం మొదలుపెట్టింది. ఇద్దరూ చేపల రేట్ల గురించి మాట్లాడుకుంటున్నారట. అరుపు లేదు, కేక లేదు. పది నిమిషాల తర్వాత కాళ్ళు పైకి తీస్తే చీలమండల దాకా ఎర్రగా కమిలి, బొబ్బలు లేస్తున్నాయి. సుభద్రమ్మగారు వంగి చూసుకుని, "ఇదేమిటే పైడీ, ఈ కాళ్ళు నావేనా?" అన్నారట.

మూర్తిగారు ఆవిణ్ణి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే కార్యదర్శిగారు వచ్చారు. పలక చూశారు, రిజిస్టరు చూశారు. రెంటిలోనూ ముప్ఫై ఎనిమిది. పైడమ్మ కిందటేడు ఒకసారి రాజుగారు కాళ్ళనొప్పులని బతిమాలితే వంటింట్లో నీళ్ళు కాచి పోసి తిట్లు తినుంది. కార్యదర్శిగారికి అది గుర్తుంది. "మళ్ళీ పొయ్యి మీద కాచావు కదూ?" అని అడిగారు.

"లేదు బావూ. కొలాయి నీళ్ళే. సెయ్యెట్టి కూడా సూసినాను. నాకు గోరెచ్చగానే తగిలినాది." తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "ఈ సేతులకేటి తెలుస్తాది బావూ, ఇవి సచ్చిపోనాయి. నాదే తప్పేమో."

మర్నాడు ట్రస్టు కమిటీ తేలుస్తుంది, ఈలోగా ఇంటికి పొమ్మన్నారు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నా బల్ల పక్కనుంచే వెళుతూ, "మేష్టారమ్మ కాళ్ళకి ఎలాగుందో ఫోను సెయ్యి పాపా" అంది. నేను తలూపాను. అంతే చేశాను. నన్ను నేను క్షమించుకోలేనిది థర్మామీటరు పగలగొట్టినందుకు కాదు, ఆ తలూపినందుకు.

నేనే వెళ్ళి నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే ఎంతో బాగుంటుంది. జరిగింది అది కాదు. మర్నాడు పొద్దున్నే మూర్తిగారు బాత్రూములో బకెట్ కింద కుళాయి తిప్పి నిలబడి, "అమ్మాయ్, థర్మామీటరు పట్రా" అని పిలిచారు. నేను ఉత్త చేతులతో వెళ్ళి నిలబడ్డాను. ఆయన బకెట్లో వేళ్ళు ముంచి చటుక్కున వెనక్కి తీసుకున్నారు; ఎలక్ట్రీషియన్ గీజరు బిగింపు కదిపేశాడన్నమాట.

"పగిలిపోయిందండి."

"ఎప్పుడు?"

"కిందటి శుక్రవారం."

ఆయన కుళాయి కట్టేశారు. ఇప్పుడు తుఫాను మొదలవుతుందని నేను గోడకి ఆనుకున్నాను. ఆయన గొంతు మాత్రం లేవలేదు. "చెప్పలేదేమ్మా?" అన్నారు.

"మూడొందలు అవుతున్నాయి కదండీ... సున్నా అయిపోతుందని. మీరు తిడతారని." ఏడుపు ముంచుకొచ్చింది. "పేరు రాస్తారని."

ఆయన బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళి హాల్లో బోర్డు ఎదురుగా పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. రెండొందల తొంభై ఏడు అని ఉంది. అంతకుముందు రోజు జరిగినదానికి సున్నా పెట్టాల్సింది, ఆసుపత్రి హడావిడిలో మార్చలేదు. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుని, తర్వాత స్టాఫ్ నందరినీ పిలిచారు. తెల్లకాగితాలు చింపి తలా ఒక ముక్క ఇచ్చారు. "నాకు చెప్పకుండా దాచింది ఏదుంటే అది రాయండి. పేరు వద్దు. నేను పెరట్లో ఉంటాను, రాసి ఈ గిన్నెలో వెయ్యండి" అన్నారు. చదువు రానివాళ్ళకి నేను రాసిపెట్టాను.

పదకొండు చీటీలు పడ్డాయి. గ్యాసు గొట్టం చీలితే ప్లాస్టరు చుట్టి వాడుతున్నారు. వెనక గేటు తాళంచెవి పోయి రెండు నెలలైంది. రాజుగారు బాత్రూములో రెండుసార్లు పడ్డారు, దెబ్బ తగల్లేదు కదా అని ఆయనే చెప్పొద్దన్నారు. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి పడింది. మూర్తిగారు ఒక్కొక్కటీ పైకి చదివారు, ధరల పట్టీ చదివినట్టు. ఎవర్నీ ఏమీ అనలేదు. అన్నీ చదివాక స్క్రూడ్రైవర్ తెమ్మన్నారు. స్టూలు వేసుకుని ఎక్కి, నాలుగు మూలలా విప్పి, బోర్డు దించి, మెట్ల కింద గోడవైపు తిప్పి పెట్టేశారు.

మధ్యాహ్నం కమిటీ ముందు ఆయన ఆ పదకొండు చీటీలూ పరిచి, నా రిజిస్టరు పక్కన పెట్టారు. పైడమ్మ తప్పేమీ లేదని నా చేతే చెప్పించారు. చెప్పాను. కార్యదర్శిగారు వెంటనే, "అయితే ఈ అమ్మాయిని పంపించేద్దాం" అన్నారు. నేను దానికి సిద్ధపడే వెళ్ళాను.

"ఆయ్, అలా కాదండి" అన్నారు మూర్తిగారు. "ఆరు రోజులు దీని కింద నా సంతకం ఉంది. రెండో సంతకం చేసేవాడు వారానికి ఒక్కరోజైనా వెళ్ళి నీళ్ళు ముట్టుకుని చూడాలని రూలు రాసింది నేనేనండి. నేను అంకె చూసి సంతకం పెట్టాను."

"ఇంత చిన్నదానికి మీరెందుకండీ..."

"చిన్నది కాదండి. గాజుముక్క పగిలిందని చెప్పడానికి ఈ పిల్ల నా దగ్గర జడిసిపోయింది. వంటావిడ గ్యాసు గొట్టం గురించి చెప్పడానికి జడిసింది. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ వీళ్ళు నాకు మంచి వార్తలే చెప్తారండి. ఇరవై రెండు మంది ముసలివాళ్ళున్న ఇంట్లో అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు." అప్పటికే రాసుకొచ్చిన రాజీనామా కాగితం తీసి ఇచ్చేశారు. నన్ను ఉంచమన్నారు. ఒకసారి కాలిన చెయ్యి కాబట్టి ఇక జాగ్రత్తగా ఉంటుందని చెప్పారు. వాళ్ళు బతిమాలారు. ఆయన వినలేదు. ఆ పంతం కూడా ఆయన గుణాల్లో ఒకటి, అందులో కొంత గర్వం కూడా ఉందని ఇప్పుడనిపిస్తుంది. ఉండి మారి చూపించి ఉంటే ఇంకా బాగుండేదని కోపం కూడా వస్తుంది. కానీ ఆ రోజు నాకు వచ్చింది కోపం కాదు. నా మూలంగా ఒక మనిషి వెళ్ళిపోతున్నాడన్న బాధ ఒక్కటే.

శనివారం ఆయనా నేనూ యారాడ వెళ్ళాం. పైడమ్మ ఇంటి ముందు వల ఆరేసి ఉంది. నేను జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "ఏటి పాపా, మరి ఆ ఏలే సెప్పొచ్చు గదా. రాత్రంతా నా సేతులు నానే తిట్టుకున్నాను" అంది. తిట్ల కంటే అదే ఎక్కువ తగిలింది. తిరిగి రావడానికి మొదట ఒప్పుకోలేదు. చేతులకి తెలియట్లేదు, మళ్ళీ ఎవరి కాళ్ళు కాలుస్తానోనని భయమంది. మూర్తిగారు చొక్కా చెయ్యి పైకి మడిచి, "అరచెయ్యి మొద్దుబారితే మోచెయ్యి ఉందిగా పైడమ్మా. తాడు లాగినా, ఐసు మోసినా మోచేతికి ఏమీ కాదు. అది పెట్టి చూడు" అన్నారు. సోమవారం నుంచి వస్తానంది. సుభద్రమ్మగారి కాళ్ళు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ కట్టు మార్చింది పైడమ్మే. ఆవిడ ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఆరేళ్ళ తర్వాత నన్ను మేనేజర్ని చేశారు. ఆ సాయంత్రం మూర్తిగారికి ఫోన్ చేశాను. అభినందనలు చెప్పలేదు. "థర్మామీటర్లు ఎన్ని ఉన్నాయమ్మా?" అన్నారు. నాలుగన్నాను. "ఎవరైనా వచ్చి పగిలిందనీ, పోయిందనీ, తప్పు చేశాననీ చెప్తున్నారా?" చెప్తున్నారన్నాను. ఏమేం చెప్తున్నారో అడిగారు. మంచం చక్రం బ్రేకు పాడైన సంగతి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పుకొచ్చాను. ఆయన ఒక్కొక్కదానికీ "ఊ, ఊ" అంటూ, పాటలు వింటున్నంత ఇష్టంగా విన్నారు. పెట్టేసేముందు, "వాళ్ళు చెప్పడానికి రావడం మానేస్తే మాత్రం, అన్నీ బాగున్నాయనుకోకమ్మాయ్. నువ్వే వాళ్ళ దగ్గరికెళ్ళు" అన్నారు. కిందటేడు ఆయన పోయారు.

కార్యదర్శిగారి తర్వాత వచ్చినవాళ్ళకి మా రికార్డు ఎంతో శుభ్రంగా కనిపించాలని ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు చిన్నచిన్న పొరపాట్లన్నీ ఎందుకు రాసుకున్నారమ్మా అని జాలిగా అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఎవరైనా ఆయా భయంభయంగా గుమ్మంలోకి వచ్చి నిలబడితే, విషయం వినకముందే నా మొహం ముడుచుకోకుండా చూసుకోవడం ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. నా మొహం నాకు కనబడదు. వాళ్ళు మళ్ళీ వస్తే బాగానే ఉందని తెలుసుకుంటాను.

రంగుల పని ముగిసింది. ఇల్లంతా కొత్తగా, తళతళలాడుతూ ఉంది. చూసినవాళ్ళంతా బాగుందంటున్నారు. ఇవాళ్టికి పదకొండు రోజులైంది, నా గదికి ఎవరూ ఏ తప్పూ చెప్పుకోవడానికి రాలేదు. ఈ కాగితాలు పక్కన పెట్టి, నేనే మేడ మీద ఆయాల దగ్గరికి వెళుతున్నాను.